కొత్త స్పోర్ట్స్ కారు, నా దగ్గర కంటే షెడ్డులోనే ఎక్కువ రోజులుంది

హైదరాబాద్‌లో నార్సింగి వైపు ఉండే ఒక పాఠకుడు రాసిన ఉత్తరం ఇది. నాలుగు పేజీలుంది, మొత్తం వేస్తే చదివేవాళ్ళకి కూడా బీపీ వస్తుంది కాబట్టి సారం చెప్తా. వయసు 36, సొంతంగా చిన్న సాఫ్ట్‌వేర్ కన్సల్టెన్సీ. కాలేజీ హాస్టల్లో గోడకి పోస్టర్ అంటించుకున్న కారు, బయట దేశంలో తయారై పూర్తిగా ఇంపోర్ట్ అయ్యి వచ్చే రెండు డోర్ల స్పోర్ట్స్ కారు, ఆరున్నర నెలల కింద కన్సల్టెన్సీ పేరు మీద కొన్నాడు. షోరూమ్ బిల్లు 86 లక్షలు, ఆన్ రోడ్ కోటి దాటింది, 60 లక్షలు లోను, నెలకి 97 వేలు ఈఎంఐ.

1,900 కిలోమీటర్ల దగ్గర ఒక ఆదివారం పొద్దున ఓఆర్ఆర్ మీద గేర్‌బాక్స్ వార్నింగ్ వచ్చి కారు మూడో గేరులోనే ఇరుక్కుపోయింది. పక్కనుంచి లారీలు హారన్ కొట్టుకుంటూ పోతుంటే 40లో పాక్కుంటూ ఎగ్జిట్ దాకా వచ్చానన్నాడు. మొదటిసారి షెడ్డులో 11 రోజులు, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశామన్నారు. నెల తిరక్కుండా మళ్ళీ అదే, ఈసారి 26 రోజులు, ఏదో సెన్సర్ మార్చారు. మూడోసారి వెళ్ళి ఇవాళ్టికి 71 రోజులు, గేర్‌బాక్స్ లోపలి మెకట్రానిక్ యూనిట్ మార్చాలి, పార్ట్ బయటనుంచి రావాలి అంటున్నారు. మొత్తం 108 రోజులు. ఫోన్ చేసిన ప్రతిసారీ "నెక్స్ట్ వీక్ సార్, పక్కా సార్". గత వారం సర్వీస్ అడ్వైజర్ కుర్రాడి మీద అందరి ముందూ అరిచేసి బయటికొచ్చి కూర్చుంటే చేతులు వణికాయంట.

ఖమ్మం నుంచి వచ్చిన నాన్నగారు (రిటైర్డ్ టీచరు) పార్కింగ్‌లో ఖాళీ జాగా చూసి ఒక్క మాట కూడా అనట్లేదు, అదే ఎక్కువ బాధగా ఉందన్నాడు. ఆ డబ్బుతో షాద్‌నగర్ దగ్గర ప్లాటు తీసుకుందామన్న భార్య కూడా ఏమనట్లేదంట. ఇక అడిగినవి: కొత్త కారు ఇమ్మని లేదా డబ్బులు వాపస్ ఇమ్మని అడగొచ్చా, టెక్సాస్‌లో ఉన్న బామ్మర్ది లెమన్ లా (పదే పదే పాడయ్యే కొత్త కారు మార్పించే చట్టం) ఉంటుంది వెయ్యి బావా అంటున్నాడు, లాయర్ ఫ్రెండు 420 కేసు పెడదామంటున్నాడు, ఇంకొకడు గాడిదలు కట్టి షోరూమ్ దాకా లాక్కెళ్ళి రీల్ చేద్దాం అంటున్నాడు, ఈఎంఐ ఆపేస్తే ఏమవుద్ది. చివర్లో, అసలు సంబంధం లేనట్టు ఒక లైను: "సౌండ్ కోసం బయట ఎగ్జాస్ట్ వేయించా అన్నా, ఈసీయూ మాత్రం ముట్టుకోలేదు". (ఈసీయూ అంటే ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్.)

తమ్ముడూ,

ముందు ఒకటి ఒప్పుకుంటా. నేను ఒకప్పుడు ఆరేళ్ళు సర్వీస్ అడ్వైజర్‌గా చేశా, "నెక్స్ట్ వీక్ సార్" అనే మాట నేనూ ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. అది పూర్తి అబద్ధం కాదు నిజమూ కాదు, లోపలినుంచి మాకు ఏమీ తెలియనప్పుడు కస్టమర్ ఫోన్ పెట్టేయడానికి చెప్పే మాట అది. నువ్వు అరిచిన కుర్రాడి చేతిలో పార్ట్ ఆర్డర్ చేసే పవర్ లేదు, వారంటీ అప్రూవ్ చేసే పవర్ అసలే లేదు. వాడికి ఉన్న పని నీకూ లోపలోళ్ళకీ మధ్యలో నిలబడటం. ఈసారి వెళ్ళినప్పుడు వాడికి సారీ చెప్పు, మంచితనం కోసమని కాదు, రేపు నీకు కావాల్సిన కాగితాలన్నీ వాడి కంప్యూటర్లోనే ఉన్నాయి కాబట్టి.

ఇంతకీ 71 రోజులు ఎందుకు పడుతోంది? వారంటీలో పెద్ద పార్ట్ మార్చాలంటే షోరూమోడు సొంతంగా నిర్ణయించుకోలేడు, కారు కంపెనీ టెక్నికల్ టీముకి ఆన్‌లైన్‌లో కేసు తెరవాలి. వాళ్ళు ఈ టెస్ట్ చేసి రీడింగ్ పంపు అంటారు, పంపితే ఇంకోటి చేయమంటారు, ఒక్కో రౌండుకి రెండు మూడు రోజులు, మధ్యలో శని ఆదివారాలు, అవతల దేశం సెలవులు. ఆ గేర్‌బాక్స్ విప్పడానికి ట్రైనింగ్ అయిన టెక్నీషియన్ షెడ్డు మొత్తానికి ఒకడో ఇద్దరో ఉంటారు, వాడు పెళ్ళికి ఊరెళ్తే బండి అక్కడే. పైగా వారంటీ పనికి కంపెనీ డీలర్‌కి ఇచ్చే లేబర్, డబ్బులు కట్టే కస్టమర్ దగ్గర వచ్చేదాని కంటే సాధారణంగా తక్కువే ఉంటుంది, అందుకే షెడ్డులో బండి ఎక్కించే జాగా (బే అంటారు) ఖాళీ అయితే ముందు ఎవరి బండి ఎక్కుతుందో నేను చెప్పక్కర్లేదు. అప్రూవల్ వచ్చాక పార్ట్ ఆర్డర్. ఇక్కడ ఒక మాట గుర్తుపెట్టుకో, "వెహికల్ ఆఫ్ రోడ్" ఆర్డర్ అని ఉంటుంది, షార్ట్‌గా వీఓఆర్ అంటారు. బండి కదలని పరిస్థితిలో ఉంది, విమానంలో పంపండి అని పెట్టే అర్జెంట్ ఆర్డర్. మామూలు స్టాక్ ఆర్డర్‌లో పెడితే ఓడలో వచ్చి పోర్టులో కస్టమ్స్ క్లియర్ అయ్యి వేర్‌హౌస్‌కి చేరేసరికి నెలలు. నీ పార్ట్ ఏ ఆర్డర్‌లో ఉంది? ఉత్తరంలో రాయలేదు, అంటే నువ్వు అడగలేదు. 108 రోజుల్లో ఎప్పుడవుద్ది అని ఎన్నిసార్లో అడిగుంటావు, ఆర్డర్ నంబర్ ఎంత, ఏ తేదీన పెట్టారు, కంపెనీ దగ్గర తెరిచిన కేసు నంబర్ ఎంత అని ఒక్కసారి కూడా అడిగినట్టు లేదు. ఎప్పుడవుద్ది అంటే నెక్స్ట్ వీక్ అనొచ్చు, ఆర్డర్ నంబర్ అడిగితే నంబరైనా ఇవ్వాలి, ఇంకా ఆర్డర్ పెట్టలేదనైనా ఒప్పుకోవాలి. చాలాసార్లు రెండోదే బయటపడుద్ది, నా అనుభవం.

సరే, ఇప్పుడు అసలు సంగతి. నీ ఉత్తరంలో మూడు కోరికలు కలిసిపోయున్నాయి. కారు బాగై రావాలి, ఈ కారు వదిలించుకుని డబ్బులు రావాలి, వాళ్ళు తప్పు ఒప్పుకోవాలి. మూడూ న్యాయమే, కానీ మూడింటికీ దారులు వేరు, ఒకేసారి మూడు దారుల్లో నడిస్తే ఎక్కడికీ చేరవు. మన హైదరాబాద్ కేసే చెప్తా. 2009 సెప్టెంబర్‌లో ఇక్కడి ఒక ఇన్‌ఫ్రా కంపెనీ ఒక జర్మన్ లగ్జరీ కారు కొన్నది, నాలుగు రోజులకే ట్రబుల్, నవంబర్‌లో మళ్ళీ, దాంతో చీటింగ్ కేసు పెట్టారు, నీ లాయర్ ఫ్రెండ్ అంటున్న ఆ 420 సెక్షనే. 2012లో హైకోర్టు ఆ క్రిమినల్ కేసు కొట్టేసి, కానీ పాత కారు బదులు కొత్త కారు ఇవ్వండి అని కంపెనీకి చెప్పింది. కంపెనీ ఇస్తామంది. వీళ్ళు మాకు కారొద్దు, డబ్బులు వడ్డీతో కావాలన్నారు. చివరికి 2024 జూలైలో సుప్రీంకోర్టు 50 లక్షలు ఇచ్చి ముగించండి అంది. కొన్న 15వ ఏట! వాళ్ళు చేసింది తప్పని నేననను, వాళ్ళ లెక్కలు వాళ్ళకుంటాయి, కానీ 2012లో తాళాలు తీసుకునుంటే 2012లోనే అయిపోయేది కదా. 420 అంటే (ఐపీసీ పోయి బీఎన్‌ఎస్ వచ్చాక ఇప్పుడది సెక్షన్ 318, పిలుపు మాత్రం పాతదే) కొనేటప్పుడే మోసం చేసే ఉద్దేశం ఉందని చూపించాలి, రిపేరు లేటవడం దానికి సరిపోదు, స్టేషన్ చుట్టూ తిరగడమే మిగులుద్ది.

బామ్మర్ది చెప్పింది అక్కడికి కరెక్టే. టెక్సాస్‌లో కొత్త కారు మొదటి 24 నెలల్లో లేదా 24 వేల మైళ్ళలో, బదులు కారు ఇవ్వకుండా వారంటీ రిపేర్ల కోసం మొత్తం 30 రోజులు షెడ్డులో ఉంటే, ఇంకొన్ని కండిషన్లు కూడా కుదిరితే, స్టేట్ మోటార్ వెహికల్ డిపార్ట్‌మెంట్‌కి కంప్లైంట్ పెట్టుకోవచ్చు, కొత్త కారో రీఫండో ఆర్డర్ రావొచ్చు. మనకి అలాంటి రోజుల లెక్క ఉన్న చట్టం లేదు. మనకున్నది 2019 కన్స్యూమర్ చట్టం, అది మంచి చట్టమే, కానీ 30 రోజులు దాటింది కారు మార్చు అని ఆటోమేటిక్‌గా రాదు, నువ్వు నిరూపించాలి.

ఏం నిరూపించాలి అన్న దగ్గరే చాలామంది బోల్తా పడతారు. కారులో పుట్టుకతోనే లోపముంది, మాన్యుఫాక్చరింగ్ డిఫెక్ట్ అనాలంటే ఎక్స్‌పర్ట్ రిపోర్టు కావాలి, అది లేక పోయిన కేసులు బోలెడు. 2006లో సుప్రీంకోర్టు ఒక కారు కేసులో, వారంటీ కాగితం పార్ట్ మారుస్తాం అంటే పార్ట్ మార్చడమే వాళ్ళ బాధ్యత, ఒక పార్ట్ పాడైందని కారు మొత్తం మార్చమనలేం అన్న అర్థంలో చెప్పింది, అవతలి లాయర్ మొదట తీసేది అదే. కానీ లేటు సంగతి వేరు. లేటు నిరూపించడానికి ఎక్స్‌పర్ట్ అక్కర్లేదు, జాబ్ కార్డు (బండి షెడ్డులో పెట్టినప్పుడు రాసే కాగితం) మీద తేదీలు చాలు, చట్టంలో దాన్ని సర్వీసులో లోపం అంటారు. కాబట్టి కొత్త కారు కావాలనే కేసు కష్టం, ఇన్ని రోజులు కారు లేకుండా చేసినందుకు పరిహారం కేసు దాంతో పోలిస్తే తేలిక, రెండూ కలిపి వేయొచ్చు కానీ ఏది గట్టిదో తెలిసి వెయ్యి. మూడుసార్లూ ఒకే ట్రబుల్, రోడ్డు మీద ప్రాణం మీదికి తెచ్చే ట్రబుల్ అనేది నీకు ప్లస్సే, అది పోగొట్టుకోకు.

ఆ ప్లస్సు పోయేది ఎలాగంటే, రెండోసారి కారు తీసుకునేటప్పుడు సంతృప్తిగా ఉంది అని సంతకం పెట్టానన్నావు. అందరం పెడతాం, తాళాలు చేతికొస్తుంటే ఆ కాగితం ఎవడు చదువుతాడు. ఈసారి మాత్రం అదే టెక్నీషియన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఓఆర్ఆర్ ఎక్కి కనీసం ఇరవై ముప్పై కిలోమీటర్లు తోలి చూసి, అప్పుడు కూడా ఆ కాగితం మీద నీ చేత్తో "ఇదే సమస్యకి మూడోసారి రిపేరు, మళ్ళీ వస్తే నా హక్కులు నాకుంటాయి" అని రాసి సంతకం పెట్టు, ఫోటో తీసుకో. ఇచ్చినప్పుడు ఓడోమీటర్ ఎంత తీసుకున్నప్పుడు ఎంత చూసుకో, టెస్ట్ డ్రైవ్‌కి కొంత తిరగడం మామూలే, నూట ఎనభై తిరిగితే మాత్రం ఎక్కడికెళ్ళిందో అడుగు.

ఇక ఎగ్జాస్ట్. చివర్లో ఒక్క లైనులో రాసి వదిలేశావు చూడు, నేను అక్కడే ఆగిపోయా. ఎందుకంటే అవతలోళ్ళు కూడా అక్కడే ఆగుతారు. ఎగ్జాస్ట్ మార్చినంత మాత్రాన గేర్‌బాక్స్ వారంటీ మొత్తం ఎగిరిపోదు, దానికీ దీనికీ సంబంధం ఏంటని నువ్వు గట్టిగా అడగొచ్చు, అడగాలి కూడా. కానీ నీ వారంటీ బుక్కులో మాడిఫికేషన్ల గురించి ఏం రాసుందో ముందు చదువు. ఈసీయూ ముట్టుకోలేదన్నది నిజమైతే నీకేం భయం లేదు, ముట్టుకునుంటే నాకు చెప్పకపోయినా పర్లేదు లాయర్‌కి మాత్రం చెప్పు, ఎందుకంటే సాఫ్ట్‌వేర్ మార్చిన ఆనవాళ్ళు, ఆగున్న బండిని ఒక్కసారిగా దూకించే లాంచ్ కంట్రోల్ ఎన్నిసార్లు వాడావు, ఎంత ఆర్‌పీఎం దాకా పీకావు, ఇవన్నీ కారులోనే రికార్డ్ అయ్యుంటాయి. ఇప్పుడు గుట్టుగా పాత ఎగ్జాస్ట్ బిగించే ఆలోచన మాత్రం చెయ్యకు, మొదటిసారి షెడ్డులో పెట్టినప్పుడే ఫోటోలు తీసుంటారు, ఒకసారి అబద్ధం దొరికితే మిగతా నిజాలు కూడా ఎవడూ నమ్మడు. (ఎలాగూ మన ట్రాఫిక్ పోలీసులు మార్పించిన సైలెన్సర్లని రోడ్డు రోలర్ కింద తొక్కిస్తున్నారు, బండి వచ్చాక నువ్వే తీయించెయ్, సౌండ్ కంపెనీదే బాగుంటుంది నన్నడిగితే.)

ఇప్పుడు నీ ముందున్న దారులు.

ఒకటి, కారు మీద ఇష్టం ఇంకా ఉంటే, బాగు చేయించుకోవడం. ఫోన్లు ఆపేసి మెయిల్ మొదలుపెట్టు. డీలర్ సర్వీస్ మేనేజర్‌కి, కంపెనీ ఇండియా ఆఫీస్ కస్టమర్ కేర్‌కి, ఇద్దరికీ ఒకే మెయిల్, లేకపోతే వీడు వాడిమీద వాడు వీడిమీద తోస్తాడు. అందులో మూడు విజిట్ల తేదీలు, రోజుల లెక్క, పార్ట్ ఆర్డర్ నంబర్, వీఓఆర్‌లో పెట్టారా లేదా, కంపెనీ కేసు నంబర్, బదులు కారు ఇస్తారా, ఇంతే, తిట్లు లేకుండా. ఇంకో రెండు అడుగు: కారు షెడ్డులో ఉన్న 108 రోజులూ వారంటీ గడియారం తిరుగుతూనే ఉంది, అన్ని రోజులు పొడిగించమని, గేర్‌బాక్స్ వరకు ఎక్స్‌టెండెడ్ వారంటీ ఫ్రీగా ఇవ్వమని. బదులు కారు హక్కు కాదు, నీ కాగితాల్లో రాసుంటే తప్ప, కానీ కోటి రూపాయల కస్టమర్ రాతపూర్వకంగా అడిగితే ఇచ్చిన సందర్భాలు నేను చూశా. ఈ దారిలో నష్టం ఏంటంటే ఇంకో నెల పట్టొచ్చు, నాలుగోసారి అదే ట్రబుల్ కూడా రావొచ్చు. వస్తే మాత్రం అప్పటికి నీ దగ్గర ఫైలు తయారై ఉంటుంది.

రెండోది, నీకు ఆ కారంటే భయం పట్టేసిందనుకో, ఉత్తరంలో లారీల గురించి రాసిన తీరు చూస్తే నాకు ఆ అనుమానం ఉంది, అప్పుడు బైబ్యాక్, అంటే కారు వాళ్ళే వెనక్కి కొనుక్కోమని అడుగు. లేదా అదే షోరూమ్‌లో వేరే మోడల్‌కి ఎక్స్‌చేంజ్, బిల్లు ధర మీద. మొదట నవ్వుతారు, తర్వాత ఒక నంబర్ చెప్తారు, అది నీకు అవమానంగా ఉంటుంది, అక్కడినుంచి బేరం. లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్ చాలావరకు పోయినట్టే అనుకుని లెక్కేసుకో. సెటిల్‌మెంట్ కాగితంలో ఫుల్ అండ్ ఫైనల్ అని ఉంటుంది, సంతకం పెట్టాక కేసులుండవు, అందుకే డబ్బు అకౌంట్‌లో పడకుండా, లోను క్లోజ్ ఎవరు చేస్తారో తేలకుండా పెట్టకు. బయట అమ్మేయడం కూడా ఒక దారే, కానీ ఈ చరిత్ర దాచి అమ్మితే రేపు ఇంకొకడు నీ మీద ఇలాంటి ఉత్తరమే రాస్తాడు, చెప్పి అమ్మితే రేటు రాదు.

మూడోది కన్స్యూమర్ కమిషన్, అంటే వినియోగదారుల కోర్టు. షోరూమ్‌కి కట్టింది 50 లక్షలకీ 2 కోట్లకీ మధ్యలో ఉంది కాబట్టి జిల్లా కమిషన్ కాదు, స్టేట్ కమిషన్‌లో వేయాలి, ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి పోర్టల్‌లో ఫైల్ చేయొచ్చు, ఫీజు వేలల్లోనే, లాయర్ ఫీజే అసలు ఖర్చు. కేసుకి కారణం పుట్టిన రోజునుంచి రెండేళ్ళలోపు వేయాలి. దానికి ముందు 1915కి కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌లో కంప్లైంట్ పెట్టు, దానికి తీర్పు చెప్పే అధికారం లేదు కానీ కంపెనీలో పై టేబుల్ మీదకి కాగితం వెళ్తుంది, చాలాసార్లు అక్కడే కదులుద్ది. తర్వాత డీలర్‌కి, కంపెనీకి ఇద్దరికీ లాయర్ నోటీసు, పదిహేను రోజుల గడువు. కన్సల్టెన్సీ పేరు మీద కొన్నావు కదా, ఇది వ్యాపారం కోసం కొన్నది, మీరు వినియోగదారుడే కాదు అని అడ్డం తిరుగుతారు. 2024 జూలైలోనే సుప్రీంకోర్టు ఇంకో లగ్జరీ కారు కేసులో, డైరెక్టర్ వాడుకోవడానికి కంపెనీ కొన్న కారుని అంతమాత్రాన వ్యాపార అవసరం అనలేం అంది, నీ లాయర్‌కి అది చూపించు. చట్టంలో మూడు నెలలు, టెస్టింగ్ అవసరమైతే ఐదు నెలల్లో తేల్చాలని ఉంది, కానీ అంతలో అవుద్దని ప్లాన్ వేసుకోకు, ఏళ్ళు పట్టొచ్చు, పైకోర్టు కూడా ఉంది. అన్నాళ్ళూ ఆ కారు ఎక్కడ ఉంటుంది, ఎవరు నడుపుతారు అనేది ముందే ఆలోచించుకో, కేసు వేసి అదే కారులో రోజూ తిరుగుతుంటే బాగానే నడుస్తోంది కదా అంటారు, షెడ్డులోనే వదిలేస్తే బ్యాటరీ చచ్చి టైర్లు ఒకవైపు ఒత్తుకుపోతాయి.

నేనైతే మొదటిదాన్ని ఒక గడువు పెట్టుకుని, ముప్పై రోజులనుకో, పూర్తిగా ప్రయత్నించి, ఆ మెయిళ్ళన్నీ దాచుకుని, అప్పటికీ కాకపోతే రెండోది మూడోది కలిపి నడిపిస్తా, నోటీసు వెళ్ళాక బైబ్యాక్ నంబర్ కొంచెం పెరుగుద్ది మరి. కానీ కారు నీది, ఆ మూడో గేరులో కూర్చున్నది నువ్వు.

ఈఎంఐ ఆపొద్దు. బ్యాంకోడికి గేర్‌బాక్స్‌తో సంబంధం లేదు, నీ సిబిల్ పోతుంది, కన్సల్టెన్సీకి రేపు లోను కావాలంటే అదే ముందు కనిపిస్తుంది. గాడిదల రీల్ సంగతి, ఇదివరకు అలా లాక్కెళ్ళినోళ్ళు ఉన్నారు, వైరల్ అయ్యింది కూడా. అది ఒక్కసారే పేలే టపాకాయ, పేల్చాక బైబ్యాక్ మాట్లాడే మేనేజర్ ఫోన్ లీగల్ డిపార్ట్‌మెంట్‌కి మారిపోతుంది. ఎప్పుడైనా పెట్టాలనిపిస్తే తేదీలు, జాబ్ కార్డులు, జరిగింది జరిగినట్టు పెట్టు, మోసగాళ్ళు దొంగలు అనే మాటలు వద్దు, పరువు నష్టం నోటీసు వాళ్ళకి నీ రిపేరు కంటే తొందరగా తయారవుద్ది. గాడిదల్ని మాత్రం వదిలెయ్, పాపం.

నాన్నగారు ఏమీ అనట్లేదని బాధ అన్నావు. నాకు ఆయన తెలియదు కాబట్టి ఎక్కువ మాట్లాడను, కానీ ముప్పై ఏళ్ళు పిల్లలకి పాఠాలు చెప్పినాయన దగ్గర ఒక పని బాగా వస్తుంది, తేదీలు వరసగా రాయడం. ఆ మూడు జాబ్ కార్డులు, వాట్సాప్ మెసేజులు ముందు పెట్టి వరస పేర్చి పెట్టండి నాన్నా అని అడిగి చూడు. ఆయనకి ఆ ఖాళీ జాగా గురించి మాట్లాడటానికి ఒక సాకు దొరుకుద్ది. ఇంట్లో మీ ఆవిడకి మాత్రం నువ్వే ముందు చెప్పు, ఎంత పోవచ్చో నంబరుతో సహా, ప్లాటు మాట ఆమె తేకముందే.

రెండో జాబ్ కార్డు కాపీ నీ దగ్గర లేదన్నావు, సోమవారం వెళ్ళి ముందు అది తెచ్చుకో, ఆ కుర్రాడే ప్రింట్ తీసిస్తాడు. మెయిల్ డ్రాఫ్ట్ చేశాక పంపేముందు నాకు ఒకసారి పంపించు, తిట్లేమన్నా మిగిలుంటే తీసేసి ఇస్తా.